ఏ తేదీ అలీ? ఏ తేదీ టైసన్?

ప్రశ్న: బాక్సర్లు ముహమ్మద్ అలీ, మైక్ టైసన్ ఇద్దరూ మంచి ఊపులో ఉన్నప్పుడు తలపడితే ఎవరు గెలుస్తారు? మా హాస్టల్లో రెండు జట్లుగా విడిపోయాం. పందెం బిర్యానీ. (వరంగల్ నుంచి)

జవాబు: బిర్యానీ సంగతి తర్వాత. ముందు కాగితం మీద రెండు తేదీలు రాసుకోండి. "మంచి ఊపు" అనగానే ఎవరికి నచ్చిన అలీని వాళ్ళు, ఎవరికి నచ్చిన టైసన్‌ని వాళ్ళు తెచ్చుకుంటారు. వాదన చెడేది అక్కడే. మేం పెట్టే తేదీలు ఇవి: అలీకి 1966 నవంబరు 14, హ్యూస్టన్ ఆస్ట్రోడోమ్‌లో క్లీవ్‌లాండ్ విలియమ్స్‌ని మూడో రౌండ్లో ముగించిన రాత్రి. టైసన్‌కి 1988 జూన్ 27, అట్లాంటిక్ సిటీలో మైకేల్ స్పింక్స్‌ని 91 సెకన్లలో పడగొట్టిన రాత్రి. అప్పటికి అలీకి 24 ఏళ్ళు. టైసన్‌కి 22 నిండడానికి ఇంకా మూడు రోజులుంది.

అయితే తేదీలు తీసుకున్నది ఒంట్లోని సత్తా కోసమే. ఆ రెండు ఫైట్లనే సాక్ష్యంగా తెస్తే మోసపోతారు. విలియమ్స్ అంతకు రెండేళ్ళ ముందు పోలీసు తూటా తిని ఒక కిడ్నీ పోగొట్టుకున్న మనిషి. స్పింక్స్ లైట్ హెవీవెయిట్ (హెవీవెయిట్ కంటే తక్కువ బరువు విభాగం) నుంచి పైకొచ్చినవాడు, గంట మోగకముందే బెదిరిపోయి కనిపించాడు. ఆ ఇద్దరి మీద ఎంత అందంగా గెలిచినా, ఎదుటివాడు ఎదురు తిరిగితే ఏం జరిగేదో తెలియదు.

ఇక కొలతలు. అలీ ఎత్తు 6 అడుగుల 3 అంగుళాలు, చేతుల చాపు 78 అంగుళాలు. టైసన్ 5 అడుగుల 10 అంగుళాలు, చాపు 71. అంటే అలీ చేతికి అందే దూరంలో టైసన్ చెయ్యి అందదు. బరువులో మాత్రం తిరగబడుతుంది: ఆ రాత్రి అలీ 212 పౌండ్ల పైచిలుకు, టైసన్ 218. ఐదు అంగుళాలు పొట్టివాడు ఐదారు పౌండ్లు బరువెక్కువ. "టైసన్ చిన్నవాడు" అనే మాట ఎత్తు వరకే నిజం.

నిబంధనలు తేల్చకపోతే ఫలితం మాటే లేదు. అలీ కాలంలో టైటిల్ ఫైట్ 15 రౌండ్లు. 1982లో కొరియా బాక్సర్ కిమ్ డుక్ కూ రింగులో తిన్న దెబ్బలతో చనిపోయాక, టైటిళ్ళు ఇచ్చే సంస్థల్లో ఒకటైన డబ్ల్యూబీసీ 12కి తగ్గించింది, మిగతా సంస్థలు కొన్నేళ్ళలో అదే దారి పట్టాయి. రింగు కొలత కూడా చిన్న విషయం కాదు. తాళ్ళ లోపల 16 అడుగుల రింగంటే 256 చదరపు అడుగులు, 20 అడుగులదంటే 400. సగానికి పైగా అదనపు నేల! ఒప్పందం రాసేటప్పుడు టైసన్ మనుషులు 16 కోసం, అలీ మనుషులు 20 కోసం పట్టుబడతారు. మేం 20 అడుగుల రింగు, 12 రౌండ్లు, 10 ఔన్సుల గ్లోవ్స్ పెట్టాం. రౌండ్లలో టైసన్‌కి మేలు, రింగులో అలీకి మేలు.

అసలు విషయం ఒక్క సెకనులో ఉంది. అలీ ఎడమ చేత్తో జాబ్ (ముందు చేత్తో నేరుగా విసిరే వేగమైన గుద్దు) వేస్తాడు. టైసన్ తల తప్పించాలి. ఎటు తప్పించాలన్నదే ప్రశ్న.

తన ఎడమకి వంగితే బరువంతా ఎడమ కాలి మీదికొచ్చి లెఫ్ట్ హుక్ (ఎడమచేత్తో పక్కనుంచి వంకరగా వేసే గుద్దు) తయారుగా ఉంటుంది. కానీ తల సరిగ్గా అలీ కుడిచేయి వచ్చే దారిలోకి వెళ్తుంది. జాబ్ వెనకాలే ఆ కుడి దించడంలో అలీకి సాటి తక్కువ. తన కుడికి వంగితే ఆ గుద్దు ప్రమాదం తప్పుతుంది. అప్పుడు తయారయ్యేది కుడిచేయి. జాబ్ కోసం చాచిన చేయి కింద అలీ ఎడమ పక్కటెముకలు ఖాళీగా ఉంటాయి. అక్కడొక కుడి గుద్దు, వెంటనే అదే చేత్తో గడ్డం కిందికి అప్పర్‌కట్ (కింది నుంచి పైకి వేసే గుద్దు). టైసన్‌కి చేతికొచ్చిన జంట ఇది. అలీకి ఇంకో చిక్కుంది. అతను గుండ్రంగా తిరిగేది ఎక్కువగా తన ఎడమకి, అంటే టైసన్ కుడిచేతి వైపుకి. లెఫ్ట్ హుక్ నుంచి దూరంగా వెళ్తున్నాననుకుంటూ కుడి గుద్దుకి ఎదురెళ్తాడు. అందుకే తొలి నాలుగు రౌండ్లలో అలీ దిక్కు మారుస్తూ ఉండాలి. మార్చకపోతే రాత్రి తొందరగా ముగుస్తుంది.

అలాగని లెఫ్ట్ హుక్ భయం లేదని కాదు. అలీ నేల కరిచిన రోజులు చూడండి. 1962లో సోనీ బ్యాంక్స్, 1963లో హెన్రీ కూపర్, 1971లో 15వ రౌండ్లో జో ఫ్రేజియర్. మూడూ లెఫ్ట్ హుక్‌లే. కారణం అలీ అలవాటులోనే ఉంది. చేతులు నడుము దగ్గర ఉంచి, గుద్దు వస్తే తలని నిటారుగా వెనక్కి లాగుతాడు. నేరుగా వచ్చే గుద్దు ముక్కు ముందు ఆగిపోతుంది. పక్కనుంచి వంకరగా వచ్చే హుక్ ఆగదు, కుడి దవడ దగ్గర ఉండాల్సిన గ్లోవ్ అక్కడ లేదు కాబట్టి. పైగా వీపుకి తాడు తగిలితే తల లాగే చోటే ఉండదు. కూపర్ పట్టుకున్నది తాళ్ళ దగ్గరే.

అందుకే "తాళ్ళకి ఆనుకుని టైసన్‌ని అలసిపోయేలా చేస్తాడు" అనే వాదన వదిలేయండి. 1974లో ఆఫ్రికాలోని కిన్షాసాలో జార్జ్ ఫోర్‌మన్ మీద అది పనిచేసింది. ఫోర్‌మన్ గుద్దులు వెడల్పుగా, దూరం నుంచి వస్తాయి, చేతుల మీద కాచుకోవచ్చు. టైసన్‌వి జానెడు దూరంలోంచి వచ్చే పొట్టి గుద్దులు. అతనితో తాళ్ళ దగ్గర నిలబడటం ఎద్దు ముందు ఎర్రగుడ్డ కట్టుకోవడం. పైగా అది 32 ఏళ్ళ అలీ, కాళ్ళు మందగించాక కనిపెట్టిన ఉపాయం. 24 ఏళ్ళవాడికి దాని అవసరం లేదు.

అలీ దగ్గరున్న అసలు ఆయుధం పట్టు. ఎదుటివాడు దగ్గరికి రాగానే ఎడమచేయి మెడ వెనక వేసి కిందికి లాగి, తన బరువంతా అతని మీద వదిలేస్తాడు. మెడ మీద తొంభై ఆరు కిలోలు మోసినవాడి కాళ్ళు ఎన్ని రౌండ్లు నిలుస్తాయి? 1974లో ఫ్రేజియర్‌తో రెండో ఫైట్లో ఇది బాగా నడిచింది, రిఫరీ టోనీ పెరెజ్ చూస్తూ ఊరుకున్నాడు. మరుసటి ఏడాది మనీలాలో ఫ్రేజియర్‌తోనే మూడో ఫైట్లో ఫిలిప్పీన్స్ రిఫరీ కార్లోస్ పడిలా ఆ చేతిని తీయిస్తూనే ఉన్నాడు. కాబట్టి రిఫరీ ఎవరో తేల్చండి, సగం ఫలితం తేలుతుంది. టైసన్ మీద 12 రౌండ్లు నిలిచిన జేమ్స్ "బోన్‌క్రషర్" స్మిత్ కూడా 1987లో పట్టుకునే నిలిచాడు, పాయింట్లు కోయించుకున్నాడు, గెలవడానికి మాత్రం చేసిందేమీ లేదు. అలీ పట్టు వదిలిన వెంటనే గుద్దుతాడు. తేడా అదే.

మా అంచనా: మొదటి నాలుగు రౌండ్లలో మూడు టైసన్‌వి, ఒకసారి అలీ కింద పడే అవకాశం గట్టిగానే ఉంది. ఆరు దాటాక జాబ్ లెక్క పెరుగుతుంది. పదో రౌండ్లో గానీ పదకొండులో గానీ రిఫరీ ఆపుతాడు, లేదా అలీ పాయింట్ల మీద గెలుస్తాడు. పదిసార్లు ఆడిస్తే అలీకి ఆరు. ఏడు అనేవాళ్ళతో గొడవ పడం, తొమ్మిది అనేవాళ్ళు టైసన్ 1986 నుంచి 1988 వరకు ఆడిన ఫైట్లు చూడలేదు. బిర్యానీ సగం సగం పంచుకోండి.

ప్రశ్న: అలీని ట్రెవర్ బెర్బిక్ ఓడించాడు. ఆ బెర్బిక్‌ని టైసన్ రెండో రౌండ్లో ఓడించాడు. ఇంకా వాదనెందుకు? (కాకినాడ నుంచి)

జవాబు: రెండూ నిజమే. బెర్బిక్ అలీ మీద గెలిచింది 1981 డిసెంబరు 11న, బహామాస్‌లోని నసావులో. అలీకి 40 నిండడానికి నెల పైచిలుకు ఉంది. అంతకు ముందు ఏడాదే లారీ హోమ్స్ చేతిలో పది రౌండ్లు చావుదెబ్బలు తిన్నాడు. మాటలో తడబాటు, చేతుల్లో మందగింపు అప్పటికే కనిపిస్తున్నాయి. అది అలీ చివరి ఫైట్. టైసన్ 1986 నవంబరు 22న లాస్ వెగాస్‌లో బెర్బిక్‌ని ఓడించి, 20 ఏళ్ళ 4 నెలల వయసులో హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. "అ ఆని గెలిచాడు, ఆ ఇని గెలిచాడు" లెక్క బాక్సింగ్‌లో ఒకే వయసు, ఒకే శైలి ఉన్నప్పుడు కూడా తప్పుతుంది. ఫోర్‌మన్ ఫ్రేజియర్‌ని రెండే రౌండ్లలో ఆరుసార్లు పడగొట్టాడు, కెన్ నార్టన్‌నీ రెండో రౌండ్లోనే ముగించాడు. అలీని విపరీతంగా ఇబ్బంది పెట్టిన ఇద్దరూ వాళ్ళే. అదే ఫోర్‌మన్ అలీ చేతిలో ఎనిమిదో రౌండ్లో పడిపోయాడు.

ప్రశ్న: టైసన్ గురువు కస్ డమాటో నేర్పిన పీకబూ శైలి మీద అలీ ఇదివరకే ఆడలేదా? (హైదరాబాద్ నుంచి)

జవాబు: ఆడాడు. ఫ్లాయిడ్ ప్యాటర్సన్ కూడా డమాటో శిష్యుడే. రెండు గ్లోవ్స్ బుగ్గల దగ్గర, గడ్డం లోపలికి, తల అటూ ఇటూ ఊపుతూ దూకి లెఫ్ట్ హుక్ వేసే పద్ధతి. చిన్న వయసు చాంపియన్ రికార్డు టైసన్ రాకముందు ఇతనిదే. 1965 నవంబరు 22న అలీ ఇతన్ని 12వ రౌండ్లో ఆపించాడు. (టైసన్ చాంపియన్ అయింది సరిగ్గా అదే తేదీన, 21 ఏళ్ళ తర్వాత. పీకబూ వాళ్ళకి ఆ తేదీ ఒకసారి శోకం, ఒకసారి పండగ.) అయితే ఆ రాత్రి ప్యాటర్సన్ నడుం నొప్పితో వంగలేకపోయాడు, 200 పౌండ్లు కూడా లేడు. అదే శైలిని 218 పౌండ్లతో, నడుం బాగున్నవాడు ఆడితే ఎలా ఉంటుందో ఆ ఫైట్ చెప్పదు. దూరంలో ఉన్నంతసేపు పీకబూ జాబ్‌కి దొరుకుతుందన్నది మాత్రం చెబుతుంది.

ప్రశ్న: ఇలాంటివి కంప్యూటర్‌తో తేల్చలేమా? (డల్లాస్ నుంచి)

జవాబు: ప్రయత్నం జరిగింది. 1969లో అలీ, పాత చాంపియన్ రాకీ మార్సియానో ఇద్దర్నీ మయామీలో రింగులోకి దించి, నిమిషం చొప్పున డెబ్భై దాకా రౌండ్లు చిత్రీకరించారు. కంప్యూటర్ చెప్పిన ముగింపు ప్రకారం ముక్కలు అతికించారు. మార్సియానో బొజ్జ తగ్గించుకుని, విగ్గు పెట్టుకుని వచ్చాడు. సినిమా విడుదలయ్యేలోపే విమాన ప్రమాదంలో పోయాడు. అమెరికాలో చూపించిన ముగింపులో 13వ రౌండ్లో మార్సియానో నాకౌట్ చేశాడు, ఐరోపాలో చూపించినదానిలో అలీ గెలిచాడు. అంతకు ముందు రేడియోలో పెట్టిన కంప్యూటర్ టోర్నమెంట్‌లో పాతకాలపు చాంపియన్ జిమ్ జెఫ్రీస్ చేతిలో ఓడించినందుకు అలీ పరువునష్టం దావానే వేశాడు. యంత్రానికి మనం ఏ అంకెలు పోస్తే అవే తిరిగి వస్తాయి.

ప్రశ్న: మేమే పాత ఫైట్లు చూసి అంచనా వేయాలంటే ఎలా మొదలుపెట్టాలి? (విశాఖపట్నం నుంచి)

జవాబు: మెరుపు ముక్కల వీడియోలు కాదు, పూర్తి ఫైట్లు చూడండి. ముక్కల్లో తప్పిపోయిన గుద్దులు ఉండవు. టైసన్‌కి అలీలా పొడుగ్గా, జాబ్‌తో ఆడిన వాళ్ళని ఎంచుకోండి: టిరెల్ బిగ్స్, టోనీ టక్కర్ (రెండూ 1987), బస్టర్ డగ్లస్ (1990, టోక్యో). అలీకి టైసన్‌లా తోసుకొచ్చే ఫ్రేజియర్ ఫైట్లు తీసుకోండి, 1971ది తప్పనిసరి.

మొదటిసారి శబ్దం ఆపి చూడండి. వ్యాఖ్యాత గొంతు లేస్తే తగలని గుద్దు కూడా తగిలినట్టే కనిపిస్తుంది. రౌండుకొక గీత గీసి మూడు లెక్కలే వేయండి: తగిలిన జాబ్‌లు, టైసన్ దగ్గరికి చేరిన సార్లు, చేరాక మొదట గుద్దింది ఎవరు. మూడోదే ముఖ్యం. బిగ్స్ మొదటి రౌండ్లో బాగానే తిరిగాడు, కానీ టైసన్ చేరిన ప్రతిసారీ మొదటి గుద్దు టైసన్‌దే, ఏడో రౌండ్లో అయిపోయింది. డగ్లస్ జాబ్ వెనకాల కుడి వేసి, టైసన్ చేరగానే చేతులు కట్టేశాడు. అయితే డగ్లస్ ఫైట్‌ని ఒంటరి సాక్ష్యంగా తేవద్దు. అప్పటికి టైసన్ పాత శిక్షకుడు కెవిన్ రూనీ లేడు, తల ఊపడం సగానికి సగం పోయింది.

గంట కొట్టగానే 10-9 (రౌండు గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9) అని రాసేయండి, తర్వాత దిద్దొద్దు. మీ కార్డు పక్కవాడి కార్డుతో కలవకపోతే కంగారు పడకండి. టోక్యోలో తొమ్మిది రౌండ్లయ్యాక ఒక జడ్జి 88-82 డగ్లస్‌కి, ఒకరు 87-86 టైసన్‌కి, ఇంకొకరు 86-86 రాశారు. ముగ్గురూ చూసింది ఒకే ఫైట్.

ప్రశ్న: మేరీ కోమ్, మా నిఖత్ జరీన్ తలపడితే? (నిజామాబాద్ నుంచి)

జవాబు: తలపడ్డారు. 2019 డిసెంబరులో ఢిల్లీలో, ఒలింపిక్ క్వాలిఫయర్ సెలక్షన్ ట్రయల్లో. మేరీ కోమ్ 9-1తో గెలిచింది. అప్పటికి మేరీకి 37, నిఖత్‌కి 23. నిఖత్ ప్రపంచ చాంపియన్ అయింది ఆ తర్వాత, 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల్లో, 2023లో ఢిల్లీలో 50 కిలోల్లో. కాబట్టి మీ ప్రశ్నలో కూడా ముందు తేదీ రాయాలి. 2022 నాటి నిఖత్, 2010 నాటి మేరీ అంటే చెప్పండి, బరువు 48 పెట్టాలా 52 పెట్టాలా అన్న దగ్గరే ఒక రోజంతా గడిచిపోతుంది.