స్పిరిట్ సీసా మూత తియ్యకు, బుజ్జీ

విశాఖపట్నం

చిరంజీవి బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. న్యూజెర్సీ ఎడిసన్‌లో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తుంటే పాత జాజ్ ప్లేట్ల పెట్టె కొన్నావట, టర్న్‌టేబుల్ ఆర్డరిచ్చావట. మన ఇంట్లో ఇంకొకళ్ళకి ఈ పిచ్చి పట్టిందని ఎంత మురిసిపోయానో! అంతలోనే వాడు, "శనివారం కూచుని అన్నీ స్పిరిట్‌తో తుడిచేస్తుందిట" అన్నాడు. గుండె గుభేలుమంది. ఫోన్ చేస్తే నువ్వు ఆఫీసులో ఉన్నావు. అందుకే ఇది.

ఆ పెట్టెలో పది అంగుళాలవి, బరువుగా, గట్టిగా ఉన్నవి 78 స్పీడు ప్లేట్లు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగేవి. వాటికి స్పిరిట్ తగలకూడదు. ఐసోప్రొపైల్ ఆల్కహాలు వద్దు, చేతులకి రాసుకునే శానిటైజర్ వద్దు, ఆల్కహాలు కలిసిన రికార్డు క్లీనర్ కూడా వద్దు. అవి లక్కతో చేసినవి. మన దేశపు అడవుల్లో పురుగు పెట్టిన లక్కే ఓడలెక్కి అమెరికా వెళ్ళి లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ బాకా అయింది. వడ్రంగి కుర్చీకి పాలిష్ పెట్టేటప్పుడు లక్క బిళ్ళలు దేంట్లో నానబెడతాడో చిన్నప్పుడు చూశావుగా? స్పిరిట్‌లోనే. మరి నువ్వు చెయ్యబోయే పని ఏమిటి?

ఈ తప్పు నేను చేసినవాణ్ణే. ఆ కథ వద్దు, ఏం జరుగుతుందో చెప్తాను. దూది స్పిరిట్‌లో ముంచి ప్లేటు మీద ఒక చుట్టు తిప్పగానే దూది నల్లబడుతుంది. ఎంత మురికి వదిలిందో అని సంబరపడి ఇంకో చుట్టు తిప్పుతాం. వదిలేది మురికి కాదు, ప్లేటే. అందులో రాతిపొడి ఉంటుంది, దీపపు మసి ఉంటుంది, వాటిని పట్టి ఉంచే జిగురు లక్క. జిగురు కరిగితే గాడి గోడల్లోంచి రాతిపొడి పైకి తేలుతుంది. తడి ఉన్నంతసేపూ ప్లేటు నిగనిగలాడుతుంది. ఆరాక బూడిదరంగు పొర కమ్ముతుంది. దాన్ని పోగొట్టాలని మళ్ళీ తుడిస్తే ఇంకాస్త పోతుంది. ముల్లు పెడితే కాగిన పెనం మీద నీళ్ళు చల్లినట్టు చుయ్‌మంటుంది. ముందు పోయేవి పై స్వరాలు, ఎందుకంటే గాడిలో అన్నిటికన్నా సన్నటి వంపులు వాటివే. క్లారినెట్ గొంతుకి దుప్పటి కప్పినట్టవుతుంది. దానికి మందు లేదు తల్లీ.

సరే, ఎలా కడగాలి? ముందు పొడి బ్రష్‌తో దుమ్ము దులుపు, లేకపోతే ఇసుకరేణువులని గాడిలోకి రుద్దినదానివవుతావు. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో రంగూ వాసనా లేని గిన్నెల సబ్బు రెండు చుక్కలు, అంతే. నీళ్ళు చల్లగా ఉండాలి, వేడికి లక్క మెత్తబడుతుంది. మెత్తటి బ్రష్‌ని గాడి వెంటే గుండ్రంగా తిప్పు, అడ్డంగా వద్దు. లేబుల్ తడవనీకు. ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు కడిగి, మెత్తటి బట్టతో అద్ది, గిన్నెల స్టాండులో గంటసేపు నిలబెట్టు. నానబెట్టడం మాత్రం వద్దు. కొన్ని కంపెనీల ప్లేట్లకి లోపల వేరే పొరలుంటాయి, నీరు తాగితే ఉబ్బుతాయి. వెంట్రుకంత చీలిక ఉన్నదాన్ని అసలు కడక్కు.

దీనికి ఓ మెలిక ఉంది. మీ ఊళ్ళో ఉన్న మెన్లో పార్కులోనే కదా 1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫ్ కనిపెట్టింది! ఆయన కంపెనీవి డైమండ్ డిస్కులని పావు అంగుళం మందంగా ఉంటాయి. అలాంటిది కనిపిస్తే దానికి నీళ్ళే శత్రువు. పైగా దాని గాడి పక్కలకి కాదు, పైకీ కిందికీ ఊగుతుంది, నీ ముల్లు మామూలు పద్ధతిలో దాన్ని చదవలేదు. పక్కన పెట్టు. ఇంకోటి, యుద్ధకాలంలో సైనికుల కోసం చేసిన వీ-డిస్కులు 78 స్పీడువే అయినా చాలామటుకు వినైల్ అనే ప్లాస్టిక్‌తో చేసినవి. గోటితో అంచు తట్టి చూడు. లక్కది పింగాణీలా ఖంగుమంటుంది, వినైల్‌ది టప్పుమంటుంది. వంచి చూడకు, ఫెళ్ళున విరుగుతుంది. అనుమానం వస్తే లక్కే అనుకో. ఇక 1942లో అమెరికాలో లక్కకి కరువొచ్చి పాత ప్లేట్లు కరిగించి కొత్తవి పోశారు. ఆ ఏళ్ళవి ఎంత కడిగినా గరగరమంటే అది నీ తప్పు కాదు.

టర్న్‌టేబుల్ సంగతి. 78 స్పీడు ఉందో లేదో పెట్టె విప్పకముందే చూడు, కొత్తవాటిలో చాలావాటికి ఉండదు. సమంగా ఉన్న బల్ల, ముల్లు నుంచి వచ్చే సన్నటి శబ్దాన్ని పెంచే ఫోనో ప్రీయాంప్, ముల్లు బరువు చూసే చిన్న తక్కెడ కావాలి. ముల్లులు మాత్రం రెండు. ఎల్పీ (నిమిషానికి 33 చుట్లు తిరిగే వినైల్ ప్లేటు) ముల్లు మొన అంగుళంలో వెయ్యో వంతు కన్నా తక్కువ, 78కి ఆ వెయ్యో వంతుకి మూడింతలుండాలి. సన్నటి ముల్లు 78 గాడిలో అడుగుకి దిగిపోయి చెత్తలో ఈదుతుంది, పాట గోడల మీద ఉండిపోతుంది. ఆడియో టెక్నికా 95 రకంలో ఒకే కార్ట్రిడ్జ్‌కి, అంటే ముల్లుని పట్టి ఉంచే బిళ్ళకి, ముల్లు మార్చుకోవచ్చు. ఎల్పీకి 2 గ్రాముల బరువు, 78 ముల్లుకి 5. మార్చిన ప్రతిసారీ బరువు కూడా మార్చాలి. 5 గ్రాముల మీద ఎల్పీ వేశావో, చెవులు మెలేస్తాను.

స్పీడు సరిగ్గా 78 ఉంటుందనుకోకు. 1920ల్లో ఒక్కో స్టూడియోది ఒక్కో లెక్క. నాలుగు తిరుగుళ్ళు తేడా వస్తే దాదాపు అర స్వరం శ్రుతి మారిపోతుంది. ఆర్మ్‌స్ట్రాంగ్ 1928లో వాయించిన 'వెస్ట్ ఎండ్ బ్లూస్' E ఫ్లాట్ శ్రుతిలో ఉంటుంది. ఫోన్లో ట్యూనర్ పెట్టుకుని, ఆధారస్వరం Eకీ E ఫ్లాట్‌కీ మధ్య వేలాడుతుంటే స్పీడు సవరించే పిచ్ మీట ముట్టుకో. వయొలిన్ నేర్చిన చెవి నీది, మీట కన్నా అదే ముందు పట్టేస్తుంది.

ఇక ఎల్పీలు కొనడం. నా భయం ఇక్కడ డబ్బు గురించి. మొదటి ముద్రణ అనే మాట వింటే మంచి మంచి వాళ్ళకి మతిపోతుంది. బ్లూ నోట్ కంపెనీ 1950ల ప్లేట్లు వందల డాలర్లు, కొన్ని వేలు పలుకుతాయి. కొనకపోయినా చూడ్డం నేర్చుకో. పాట అయిపోయాక లేబుల్ దాకా ఉండే నున్నటి జాగాలో గీతలు వెతుకు. 'ఆర్‌వీజీ' అనో 'వాన్ గెల్డర్' అనో ఉంటే, రికార్డు చేసిన రూడీ వాన్ గెల్డరే దాని అచ్చుమూస కోసినట్టు. చెవి ఆకారంలో చిన్న గుర్తుంటే 1966కి ముందు ప్లాస్టిలైట్ ఫ్యాక్టరీలో ఒత్తింది. అట్ట పాతది, లోపలి ప్లేటు కొత్తది అయ్యే అవకాశం ఎప్పుడూ ఉంది, కాబట్టి అట్టకి డబ్బివ్వకు. ఆ వాన్ గెల్డర్ 1959 దాకా హాకెన్‌సాక్‌లో అమ్మానాన్నల ఇంటి ముందుగదిలోనే రికార్డింగులు చేశాడు, శాక్సఫోన్ వాయించే కోల్ట్రేన్ 'బ్లూ ట్రెయిన్' అక్కడిదే. మీ ఇంటికి గంట ప్రయాణం. నేను సముద్రాలు దాటి వెతుక్కున్నవి నీ పెరట్లో ఉన్నాయే!

అమ్మేవాళ్ళ గ్రేడుల్లో 'గుడ్' అంటే మంచిది కాదు, చచ్చేదాని ముందు మెట్టు. 'వీజీ ప్లస్' (వెరీ గుడ్ ప్లస్)కి తక్కువ కొనకు. అయినా కాగితం మీది గ్రేడు కన్నా బల్బు నమ్ము. ప్లేటుని ఏటవాలుగా పట్టుకుని ఒక్క దీపం కింద తిప్పు. వెంట్రుక గీతలు ఫరవాలేదు. గాడి నల్లగా మెరవకుండా బూడిదగా కనిపిస్తే మొద్దు ముల్లు తిన్నదన్నమాట, వదిలెయ్. లేబుల్ బెజ్జం చుట్టూ సాలెగూడులాంటి గీతలుంటే చాలాసార్లు ఆడింది. షాపులో వినిపించమంటే మొదటి పాట వేసి మురిపిస్తారు. నువ్వు చివరి పాటలో బాకా గట్టిగా మోగేచోట వెయ్యమను. గాడి లోపలికి వచ్చేకొద్దీ ఇరుకవుతుంది, అరిగితే అక్కడే బొంగురుపోతుంది. 'ఎలక్ట్రానిక్‌గా స్టీరియో చేసినది' అని అట్ట మీద ఉంటే అది మోనోకి వేసిన దొంగ స్టీరియో వేషం, డబ్బు వెనక్కి జేబులో పెట్టుకో. ప్రిన్స్‌టన్ రికార్డ్ ఎక్స్‌ఛేంజ్ అనే షాపులో ఓ పూట గడుపు, చేతులకి అలవాటవుతుంది.

నీ మొదటి ఎల్పీ మాత్రం మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ', 1959. కొత్త ముద్రణే కొను. పాతవాటిలో మొదటి వైపు స్పీడు తప్పి శ్రుతి కాస్త పైకి పోయింది, 1992లో కానీ దిద్దలేదు. ముప్పైమూడేళ్ళు జనం ఆ శ్రుతికే మురిసిపోయారు! అందులో 'సో వాట్' వెయ్యి. 16 బార్లు (తాళం చుట్లు) ఒక మేళం (స్వరాల వరస), తర్వాత 8 బార్లు అదే మేళం అర స్వరం పైకి, మళ్ళీ 8 బార్లు కిందికి. ఆ మేళం స్వరాలు మన ఖరహరప్రియవే, గమకాలు లేవంతే. బార్లు వేళ్ళ మీద లెక్కపెట్టు. పది రోజులు అదొక్కటే విను. ఒక రోజు బాకాని వదిలేసి పాల్ ఛాంబర్స్ బాస్ వెంట పో, ఇంకో రోజు జిమ్మీ కాబ్ తాళాల పళ్ళెం వెంట. కొత్త ప్లేటు కొనాలని చెయ్యి దురద పెడితే, ఉన్నదాని రెండో వైపు ఎన్నిసార్లు విన్నావో గుర్తు తెచ్చుకో.

దాచడం గురించి రెండు మాటలు. నిలబెట్టు, వాలనీకు. వంద ఎల్పీలు పాతిక కిలోల దాకా తూగుతాయి, ఆ చెక్క అల్మరా గోడకి మేకు కొట్టి ఉండాలి. బేస్‌మెంట్‌లో పెట్టకు, చెమ్మకి అట్టలు బూజెక్కుతాయి. జులైలో ఓక్ ట్రీ రోడ్డులో కూరగాయలు కొనుక్కుంటూ ప్లేట్లు కారు డిక్కీలో వదలకు. గంటలో అప్పడాలవుతాయి. ఇక్కడికి వచ్చేటప్పుడు ఆ టర్న్‌టేబుల్ మోసుకు రాకు. అక్కడి 60 హెర్ట్జ్ కరెంటుకి చేసిన మోటారుదైతే ఇక్కడి 50కి 33 కాస్తా 28 దగ్గర తిరుగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ ఓల్టులు మారుస్తుంది కానీ హెర్ట్జ్ మార్చదు.

శనివారం పెట్టె విప్పి, దేన్నీ తుడవకుండా ఒక్కో లేబుల్ ఫోటో తీసి పంపు. ఏది కడగాలో, ఏది ఊరికే దులపాలో చెప్తాను. మీ పెద్దమ్మ ఆవకాయతో పాటు ఏటికొప్పాక బొంగరం కూడా పంపుతోంది. దాని మెరుపూ లక్కే. దానికీ స్పిరిట్ తగలనీకు.

మీ పెదనాన్న