‘మళ్లీ’ అన్నారంటే ముందొకసారి అయినట్టే

ప్రశ్న: ఎంఏ ఇంగ్లీషు ఎంట్రెన్సుకు చదువుతున్నాను. ‘ప్రిసపోజిషన్’ అంటే దురభిప్రాయం అని రాస్తే తప్పన్నారు. పోనీ, అది ‘అజంప్షన్’ లాంటిదేనా? వాక్యంలో గుర్తుపట్టేదెట్ల?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: దురభిప్రాయానికి ‘ప్రెజుడిస్’ ఉంది. ప్రిసపోజిషన్‌లో మంచీ చెడూ లేవు. లాటిన్‌లో ‘ప్రే’ అంటే ముందు, ‘సబ్’ అంటే కింద, ‘పోనెరె’ అంటే పెట్టడం. మాట లేవకముందే దాని కింద పడ్డ బునాది అన్నమాట.

అజంప్షన్ మనిషిది. వాన పడుతుందనుకొని దుక్కిలో పత్తి గింజ పెట్టిన రైతుది అజంప్షన్. భాషాశాస్త్రంలో ప్రిసపోజిషన్ వాక్యంలోనే ఉంటుంది. “సాగర్ గేట్లు మళ్లీ ఎత్తారు” అనండి. దాన్నే “మళ్లీ ఎత్తలేదు” అని తిప్పండి, “మళ్లీ ఎత్తారా?” అని అడగండి. ఇంతకుముందు ఒకసారి ఎత్తారన్న సంగతి మూడింట్లోనూ చెక్కుచెదరదు. అదే ప్రిసపోజిషన్, దాన్ని మోస్తున్నది ‘మళ్లీ’.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. “26 గేట్లూ ఎత్తారు” అంటే పది గేట్లు ఎత్తినట్టే కదా, అదీ ప్రిసపోజిషనే అని రాస్తారు. కాదు. “26 గేట్లూ ఎత్తలేదు” అనగానే ఆ పది గేట్ల మాటకు పూచీ లేదు. వాక్యం నిజమైతే తప్పక నిజమయ్యే అలాంటి సంగతి పేరు ‘ఎంటెయిల్‌మెంట్’.

తెలుగులో ‘తెలుసు’ గట్టి గుర్తు. “డిండి రిజర్వాయర్ నిండిందని వాడికి తెలుసు” అన్నా, “తెలియదు” అన్నా డిండి నిండినట్టే. “నిండిందనుకుంటున్నాడు” అంటే మాత్రం ఆ భరోసా లేదు. ‘మానేశారు’, ‘ఇంకా’ కూడా ఇంతే. సర్వేకు వచ్చినవాళ్లు “ఫ్లోరైడ్ నీళ్లు తాగడం ఎప్పుడు మానేశారు?” అని అడిగితే, ఏ సంవత్సరం చెప్పినా అంతకుముందు తాగినట్టు ఒప్పుకున్నట్టే. బావి నీళ్లు బాగున్న ఇంటివాళ్లు ఏం చెప్పాలి? ముందు “తాగేవారా?” అని అడిగి, అవునంటేనే రెండో ప్రశ్నకు పోవాలి.

పరీక్షలో తరచూ తగిలేది ఫ్రాన్స్ రాజు బట్టతల. ఇప్పుడు ఫ్రాన్స్‌కు రాజే లేడు, అంటే ఆ మాట కింది బునాదే లేదు. కాబట్టి “ఇప్పటి ఫ్రాన్స్ రాజుది బట్టతల” అన్నది అబద్ధమని 1905లో తత్వవేత్త రసెల్, అసలు నిజమా అబద్ధమా అన్న ప్రశ్నే రాదని 1950లో మరో తత్వవేత్త స్ట్రాసన్ వాదించారు.

తెలుగులో రాయాల్సి వస్తే ‘పూర్వభావన’ కంటే ‘ముందే ఒప్పేసుకున్న సంగతి’ అనండి, చదివేవాళ్లకు వెంటనే అందుతుంది.