చేత్తో కుట్టిన లెదర్ పర్సు ఎక్కువ కాలం మన్నుతుందంటారు, నిజమేనా?

నిజమే, చక్కగా కుడితే. మిషన్ కుట్టులో పైదారం, కిందిదారం తోలు మధ్యలో ఒకదాన్నొకటి మెలేసుకుంటాయి, ఒకటి తెగితే పక్క కుట్లూ వరసగా ఊడిపోయే అవకాశం ఉంది. చేత్తో వేసే శాడిల్ స్టిచ్‌లో ఒకటే దారం, రెండు కొసలకీ చెరో సూది. ప్రతి రంధ్రంలోంచీ రెండు సూదులూ ఎదురెదురుగా దూరతాయి కాబట్టి ఒకవైపు అరిగి తెగినా రెండోవైపు పట్టు వదలదు. నాకైతే ఈ కుట్టు అంటే ప్రాణం.

నేర్చుకోవాలనుంటే 1 మిల్లీమీటరు మందం తోలుతో చిన్న కార్డ్ హోల్డర్ మొదలుపెట్టండి. మైనం పట్టించిన దారం, కుట్టు పొడవుకి సుమారు 4 రెట్లు తీసుకోండి. గీత గీసుకున్నాకే రంధ్రాలు పొడవండి, తోలుకి పడ్డ చిల్లు మళ్లీ పూడదు.