మంచు పడకముందే పోస్టుల లెక్క చూసుకో

చిరంజీవికి పెదనాన్న దీవించి రాయునది.

లద్దాఖ్‌లో ఆర్మీ సప్లై స్టోర్ నీ చేతికొచ్చిందని మీ నాన్న చెప్పాడు. శ్రీనగర్ దారిలోని జోజిలా కనుమ మంచుకు మూతపడితే ఆ దారిన లారీ రాదు. అందుకే ఈ వారమే కొండల మీది సైనిక పోస్టుల వారీగా సరుకు లెక్క కట్టు. డిపోలో నిండుగా ఉన్నంత మాత్రాన పైన ఉన్నట్టు కాదు నాయనా. 1962 అక్టోబర్ 20న ఈశాన్య సరిహద్దులోని నామ్‌కా చూ నది దగ్గర చైనా దాడి జరిగేనాటికి అక్కడి జవాన్లలో చాలామందికి నూలు బట్టలు, కాన్వాస్ బూట్లే గతి. తూటాలు మనిషికి 50. ఆ నదికి పైనున్న సాంగ్‌ధర్ దగ్గర విమానాల్లోంచి జారవిడిచిన సరుకు చాలావరకు లోయల పాలైంది.

ఒక పోస్టులో 40 మంది, 180 రోజులు అనుకో. మనిషికి రోజుకు అరకేజీ బియ్యం చొప్పున 3,600 కేజీలు. తడిసేది, చిరిగేది పదో వంతు కలిపితే 3,960. కంచరగాడిదకు 70 కేజీల లెక్కన 57 లోడ్లు, అదీ ఒక్క బియ్యానికే. కిరోసిన్ దగ్గర అందరూ తప్పుతారు. వంటకే లెక్కేస్తారు, తాగే నీళ్లకు మంచు కరిగించడం మర్చిపోతారు. పోస్టులోనే ఒకరోజు స్టవ్ వెలిగించి, ఎంత కాలిందో కొలిచి, దాన్ని 180తో గుణించు.

బూట్లు '40 జతలు' అని ఇండెంట్ (సరుకు కోరే పత్రం) పెట్టొద్దు. మందపాటి సాక్సులతో తొడిగించి చూసి, సైజుల వారీగా రాయి. బిగుతు బూటులో రక్తం ఆడదు, వేళ్లు చచ్చుబడతాయి.

మందుగుండు మీద ఇంకా జాగ్రత్త. 155 ఎంఎం ఫిరంగికి షెల్, ఫ్యూజు (షెల్‌ను పేల్చేది), చార్జి (షెల్‌ను విసిరే మందు), ప్రైమర్ (ఆ మందును అంటించేది) నాలుగూ ఉండాలి. షెల్స్ 1,000 ఉండి ఫ్యూజులు 600 ఉంటే నీ దగ్గరున్నది 600 రౌండ్లే. 7.62 (తూటా లావు, మిల్లీమీటర్లలో) అని పెట్టె మీద చూసి పంపేయకు. ఏకే తుపాకి తూటా 39 మిల్లీమీటర్ల పొడవు కేసుది (మందు నింపే గొట్టం), మెషిన్‌గన్‌ది 51. ఒకటి ఇంకోదాంట్లో పనికిరాదు. ప్రతి లాట్‌లో ఒక పెట్టె తెరిచి ఇత్తడి మీద పచ్చటి చిలుము ఉందేమో చూడు. పెట్టెల్ని నేలమీద కాదు, చెక్కల మీద పేర్చు. పైనుంచి ఎలాగూ వస్తాయిలే అనుకోకు. 40 రోజుల యుద్ధానికి నిల్వ ఉండాల్సిన రకాల్లో సగం 10 రోజులకైనా చాలవని 2015లో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదికే చెప్పింది.

మామూలు డీజిల్ చలికి మైనంలా గడ్డకట్టి ఫిల్టర్ పూడిపోతుంది. ఇండియన్ ఆయిల్ 2019లో తెచ్చిన శీతాకాలపు డీజిల్ మైనస్ 33 డిగ్రీల దాకా పారుతుంది. ఆ రెండు రకాల పీపాలూ విడిగా ఉంచు. పీపాను నిలబెడితే పైన నీరు నిలిచి బిరడాలోంచి దిగుతుంది. పడుకోబెట్టి, రెండు బిరడాలూ గడియారంలో 3, 9 అంకెల దగ్గరికి వచ్చేలా తిప్పు.

కొరత ఉంటే 'తక్కువగా ఉంది' అని రాయకు. ఏ పోస్టులో, ఏ సరుకు, ఏ తేదీకి అయిపోతుంది, ఎన్ని లోడ్లు కావాలి, అన్నీ రాసి పై అధికారి సంతకం తీసుకో. కాపీ నీ దగ్గరుంచుకో. పది రోజులకోసారి మళ్లీ రాయి.

ఆశీస్సులతో,
పెదనాన్న