ఐగ్లాస్ పెట్టి చూస్తే

ప్రశ్న: సార్, మాది మిర్యాలగూడ, రైస్ మిల్లు. జెనీవాలో ఉండే మా అల్లుడు నాకో వాచీ తెచ్చాడు. పెద్ద కంపెనీది కాదు, ఒక్కాయన తన వర్క్‌షాపులో ఏడాదికి కొన్నే చేస్తాడట. వెనక అద్దంలోంచి లోపలి మిషన్ కనిపిస్తుంది. తళతళలాడుతుంది, అంతకుమించి నాకేం తెలియడం లేదు. ఇందులో గొప్పేముంది? మొసలి తోలు బెల్టు చెమటకు పాడైంది. ఏది వేయించాలి?

జవాబు: తళతళ చూసి మురిసిపోకండి, అది యంత్రంతో చేసినా వస్తుంది. ట్యూబ్‌లైటు ఆపి, ఒక్క బల్బు కింద వాచీని మెల్లగా వంచండి. ఏదైనా ఉక్కు ముక్క ఒక వంపులో అద్దంలా మెరిసి, కాస్త తిప్పగానే మొత్తం బొగ్గులా నల్లబడిందా? అది బ్లాక్ పాలిష్. తగరపు పలక మీద వజ్రపు పొడి పేస్టు రాసి, చేత్తో రుద్ది రుద్ది తెచ్చే నునుపు.

ఆ తర్వాత ఐగ్లాస్, అంటే మేం కంటికి పెట్టుకునే భూతద్దం పెట్టి, లోపలి చక్రాలను పట్టి ఉంచే పలకల, అదే బ్రిడ్జిల అంచుల్లో లోపలికి తిరిగే మూలలు వెతకండి. తిరిగే కట్టరు అక్కడ గుండ్రంగానే కోస్తుంది. రెండు ఏటవాలు అంచులు సన్నటి గీతగా కలిశాయంటే ఆకురాయి పట్టిన చెయ్యి ఉన్నట్టే. స్విట్జర్లాండ్ వాచీల పనివాడు ఫిలిప్ డ్యూఫోర్ 2000లో తెచ్చిన సింప్లిసిటీ వాచీని ఇప్పటికీ చెప్పుకునేది ఇలాంటి పనికే. ఆ అంచులకు ఆఖరి మెరుగు జెన్షియన్ అనే కొండమొక్క ఎండుకాడతో పెడతారు. నేను జీవితమంతా విప్పింది ఎక్కువగా హెచ్‌ఎంటీలే, అయినా ఆ మూల చూస్తే నా చెయ్యి సిగ్గుపడుతుంది.

ఇక బెల్టు. మళ్లీ మొసలి తోలు వద్దు. మన ఎండకు, మిల్లు దుమ్ముకు రోజూ కట్టే తోలేదైనా వాసన కొడుతుంది. పెళ్లిళ్లకు కుట్లు కనిపించని, పలుచటి దూడతోలు బెల్టు, ముదురు గోధుమరంగుది. మిల్లుకు రబ్బరుది. పాత బకిల్ మాత్రం పారేయకండి, అదీ ఆ వాచీ చేసినాయన చేతి పనే అయ్యుంటుంది. అందుకే వాచీ వైపు కొలతతో పాటు బకిల్ వైపు కొలత కూడా వెర్నియర్ అనే సన్న కొలతల పరికరంతో తీయించండి. 19 మిల్లీమీటర్ల సందులో 20 బెల్టు కుక్కి, ఓ గిరాకీ వాచీ కొమ్ము, అంటే బెల్టు బిగించే కొస మీద గీత పెట్టినవాణ్ని నేను. ఆ గీత పోలేదు, ఆ గిరాకీ మళ్లీ రాలేదు. అప్పటి నుంచి కొమ్ములకు టేపు అంటించకుండా బెల్టును పట్టి ఉంచే పిన్ను ముట్టుకోను. మీరైతే గోటితో లాగితే ఊడివచ్చే పిన్నులున్న బెల్టే అడగండి.

నల్గొండ వస్తే గడియారం సెంటర్ దగ్గర నా దుకాణానికి ఆ వాచీ తీసుకురండి. పనేం లేకపోయినా సరే, నేనూ ఓసారి చూసుకుంటా.