మళ్ళీ నులిపురుగుల మాత్ర వేసే ముందు ఆ మూర్ఛ సంగతి తేల్చుకోండి

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురం. మా బాబుకు ఏడేళ్ళు. నిద్రలో పళ్ళు కొరుకుతాడు. రాత్రిళ్ళు మలద్వారం దగ్గర దురదగా ఉందంటూ లేచి కూర్చుంటాడు. మిఠాయిలు, గుప్‌చుప్‌లు (పానీపూరీలు) బాగా తింటాడు. ఈ మధ్య పాలిపోయినట్లున్నాడు, వంటింట్లో దూరి బియ్యం బొక్కుతున్నాడు. దసరా తర్వాత ఒకసారి మూర్ఛ వచ్చింది, రెండు నిమిషాల్లో తేరుకున్నాడు. నులిపురుగుల వల్లేనని ఇంట్లో పెద్దవాళ్ళు అన్నారు. అప్పటినుంచి రెండు నెలల్లో నాలుగుసార్లు మందుల దుకాణంలో అడిగి అల్బెండజోల్ వేశాను. చివరిసారి ఇంటిల్లిపాదీ వేసుకున్నాం, మూడో నెల గర్భవతి అయిన మా తోడికోడలు కూడా. అయినా దురద తగ్గలేదు. మిఠాయిలు మాన్పించాలా? ఇంతకంటే గట్టి మందు ఉందా? మేము శాకాహారులం.

జవాబు: అమ్మా, మీరు అడిగింది గట్టి మందు గురించి. ఓపీ మధ్యలో మీ ఉత్తరం చదువుతుంటే నా కన్ను మాత్రం మూర్ఛ దగ్గర ఆగిపోయింది. మీరు దాన్ని ఒక్క మాటలో చెప్పి దాటేశారు. నేను దాటలేను.

జ్వరంతో పాటు చిన్నపిల్లలకు వచ్చే మామూలు ఫిట్స్ సాధారణంగా ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు వస్తాయి. ఆ వయసు దాటిన పిల్లవాడికి మొదటిసారి వస్తే, అది రెండు నిమిషాలే అయినా, కారణం వెతకాల్సిందే. ఆ రోజు జ్వరం ఉందో లేదో మీరు రాయలేదు. మీ వైపు జ్వరంతో ఫిట్స్ వస్తే మొదట మలేరియా పరీక్ష చేయాలి. జ్వరం లేకుండానే వచ్చి ఉంటే నా అనుమానం వేరు.

పెద్దవాళ్ళ మాటలో కొంత నిజం లేకపోలేదు. అయితే ఫిట్స్ తెప్పించేది దురద పుట్టించే పురుగు కాదు. పందిమాంసం ద్వారా మనిషి పేగుల్లో చేరే బద్దెపురుగు అనేది ఒకటుంది. అది ఉన్న మనిషి మలంతో దాని గుడ్లు బయటికి వస్తాయి. ఆ గుడ్లు నీటి ద్వారానో, మురుగు పారిన మడిలో పెరిగిన ఆకుకూర ద్వారానో, సరిగ్గా కడుక్కోని చేతి ద్వారానో ఇంకొకరి నోట్లోకి వెళితే, వాటి పిల్లలు పేగు గోడ దాటి రక్తంలో కలిసి మెదడుకు చేరతాయి. అక్కడ చిన్న నీటితిత్తిలా స్థిరపడతాయి. మన దేశంలో మూర్ఛకు ఇది ముఖ్యమైన కారణాల్లో ఒకటి. గమనించండి, సరిగ్గా ఉడకని పందిమాంసం తిన్నవారికి పేగుల్లో పురుగు రావచ్చు. మెదడులో తిత్తికి మాత్రం గుడ్డు మింగితే చాలు. శాకాహారులమన్న ధీమా ఇక్కడ పనికిరాదు. గుప్‌చుప్ నీళ్ళలోకి ముంచే చెయ్యి ఎవరిదో మనకు తెలియదు కదా.

ఇప్పుడు మీరు వేసిన నాలుగు మాత్రల సంగతి. అల్బెండజోల్ పేగులు దాటి మెదడులోని తిత్తి మీద కూడా పనిచేస్తుంది. తిత్తి చచ్చేటప్పుడు దాని చుట్టూ వాపు వస్తుంది, ఆ వాపు వల్ల మళ్ళీ ఫిట్స్ రావచ్చు. అందుకే మేము ఈ జబ్బుకు అదే మందు ఇచ్చినా, స్కాన్ చూసి, వాపు తగ్గించే స్టెరాయిడ్ తోడుగా పెట్టి, పిల్లవాడి బరువును బట్టి లెక్క కట్టి, కొన్ని రోజుల పాటు ఇస్తాం. అంతకుముందు కంటి పరీక్ష కూడా చేయిస్తాం. కంట్లో తిత్తి ఉండగా ఈ మందు పడితే చూపు దెబ్బతినవచ్చు.

కిందటి వానాకాలంలో ఒక తండ్రి తొమ్మిదేళ్ళ పాపను భుజాన వేసుకుని పర్లాకిమిడిలోని నా గదికి వచ్చారు. జేబులోంచి మూడు ఖాళీ మాత్రల పట్టీలు తీసి బల్ల మీద వరసగా పరిచారు, ‘అన్నీ వేశానండీ’ అంటూ. పాపకు మొదటి ఫిట్ వచ్చి అయిదు నెలలైంది. మూడో మాత్ర వేసిన మూడు రోజులకు ఒకే పూట రెండుసార్లు వచ్చింది. స్కాన్‌లో శనగగింజకంటే చిన్న తిత్తి, చుట్టూ వాపు కనిపించాయి. మాత్ర వల్లే వచ్చిందని నేను ఖాయంగా చెప్పలేను. కానీ మొదటి ఫిట్ వచ్చినప్పుడే తీసుకొచ్చి ఉంటే ఆ అయిదు నెలలూ పోయేవి కావు. పాప ఇప్పుడు బడికి వెళుతోంది.

మీ బాబుకూ ఇదే జబ్బు అని నేను అనడం లేదు. చూడకుండా ఎవరూ అనలేరు. మీ ఊరి ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల డాక్టరుకు ఈ వారంలోనే చూపించండి. ఫిట్ వచ్చిన తేదీ, ఎంతసేపు ఉంది, ఒక పక్క చెయ్యో కాలో ముందుగా కొట్టుకుందా, వేసిన మాత్రల తేదీలు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి. స్కాన్ అవసరమంటే బరంపురం వైద్య కళాశాల ఆసుపత్రికో కోరాపుట్‌కో పంపుతారు. వెళ్ళండి, వాయిదా వేయకండి. మలపరీక్షలో ఏమీ లేదని వస్తే మెదడులో తిత్తి లేదని అర్థం కాదు. ఇంట్లో ఎవరికైనా మలంలో తెల్లటి రిబ్బను ముక్కల్లాంటివి కనిపించాయేమో అడగండి, వంట చేసేవారిని తప్పకుండా.

అంతవరకు నులిపురుగుల మందు ఏదీ వద్దు. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో బడిలో ఇచ్చే మాత్ర విషయంలోనూ ముందే టీచరుకు ఫిట్ సంగతి చెప్పండి. మిగతా పాఠకులు ఇది చదివి బడి మాత్ర మాన్పించవద్దు. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు అది మేలు చేసేదే. 2015లో జాతీయ స్థాయిలో మొదలైన ఆ కార్యక్రమం కింద ఏడాది నుంచి పందొమ్మిదేళ్ళ వరకు ఉన్నవారికి ఇస్తున్నారు. నా అభ్యంతరమల్లా, కారణం తెలియని ఫిట్ ఉన్నా, డాక్టరు చీటీ లేకుండా నెలకు రెండేసి మాత్రలు కొని వేయడం మీద. దుకాణంలో ఇచ్చినవారు మీ బాబును పరీక్షించలేదు. ఫిట్ సంగతి మీరు వారికి చెప్పారో లేదో కూడా నాకు అనుమానమే.

మిఠాయిల వల్ల పురుగులు పుట్టవు; పళ్ళకు మంచివి కావు కాబట్టి తగ్గించండి. పళ్ళు కొరకడానికీ పురుగులకూ సంబంధం ఉందని గట్టి ఆధారం లేదు.

దురద మాత్రం చాలావరకు దారపు పోగుల్లాంటి సన్నటి తెల్ల పురుగులది. ఆడపురుగు రాత్రిపూట బయటికి వచ్చి మలద్వారం చుట్టూ గుడ్లు పెడుతుంది. పిల్లవాడు గోకుతాడు, గుడ్లు గోళ్ళలో చేరతాయి, తెల్లారి నోట్లోకి వెళతాయి. దుప్పటి మీద అవి రెండు వారాలు కూడా బతకగలవు. మీ బాబుకు దురద తిరిగి రావడానికి కారణం మందు చాలకపోవడం కాకపోవచ్చు, గోళ్ళూ దుప్పటీ కావచ్చు. తెల్లవారుజామున, కడగకముందే, పారదర్శకమైన అంటుకునే టేపు ముక్కను అక్కడ నొక్కి తీసి, గాజుపలక మీద అంటించి ల్యాబులో ఇవ్వండి. మామూలు మలపరీక్షలో ఇవి తరచూ దొరకవు. గోళ్ళు పొట్టిగా కత్తిరించండి, లేవగానే స్నానం చేయించండి, లోదుస్తులు రోజూ మార్చండి, పక్కబట్టలు వేడినీళ్ళలో ఉతకండి. చేతులు సబ్బుతోనే కడగాలి, శానిటైజర్ రాస్తే గుడ్లు చావవు. డాక్టరు సరే అన్నాక, గర్భవతి అయిన మీ తోడికోడలికి తప్ప, ఇంట్లో అందరికీ ఒకేరోజు మందు, రెండు వారాలకు మరోసారి.

బియ్యం బొక్కడం, పాలిపోవడం నాకు నచ్చలేదు. ఇనుము తక్కువైన పిల్లలు బియ్యం, మట్టి, సుద్ద తింటారు. కొంకిపురుగులు ఉన్నాయేమో చూడాలి. అవి చెప్పులు లేకుండా తిరిగే పిల్లల పాదాల చర్మం గుండా లోపలికి వెళ్ళి, పేగుకు కరుచుకుని రక్తం పీలుస్తాయి. ఒక్క పురుగు రోజుకు పీల్చేది కొద్దిపాటి రక్తమే, వందలుంటే నెలల్లో మనిషి తెల్లబడిపోతాడు. హిమోగ్లోబిన్‌తో పాటు మలేరియా, సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) పరీక్షలు కూడా చేయించండి. మీ జిల్లాలో ఆ రెండూ లేవనుకోవడానికి వీల్లేదు. రిపోర్టు రాకముందే ఐరన్ టానిక్ కొనకండి.

మీ తోడికోడలి విషయం. మొదటి మూడు నెలల్లో అల్బెండజోల్ వేసుకోకూడదు. ఒక్క మాత్రతో హాని జరిగిపోయిందని కంగారు పడవద్దు, అలాగని దాచవద్దు. వేసుకున్న తేదీ ఆమెను చూసే డాక్టరుకు చెప్పండి, వేయాల్సిన స్కాన్లు వారు నిర్ణయిస్తారు.

ఈలోగా బాబుకు మళ్ళీ ఫిట్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో నీళ్ళు, చెంచా పెట్టవద్దు, చేతిలో ఇనుప తాళాలూ వద్దు. గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకముందే ఇంకోటి వచ్చినా 108కి ఫోను చేయండి.