సంఘంలో సహోదరుడు, షిఫ్టులో ఆపరేటరు

ప్రశ్న: ప్రభువు నామమున వందనములు. నేను గాజువాకలో ఉంటూ, ఒక మందుల కంపెనీలో షిఫ్ట్ ఇన్‌చార్జ్‌గా పనిచేస్తున్నాను. మా సంఘంలో యవనస్థుల కూడికను కూడా నేనే నడిపిస్తున్నాను. సంఘ పెద్ద గారి కుమారుడు ఏడాది క్రితం నా షిఫ్టులోనే ఆపరేటరుగా చేరాడు. ఆరాధనకు వెళ్లాలని అడిగినప్పుడల్లా అతనికి ఆదివారం వీక్లీ ఆఫ్ ఇస్తూ వచ్చాను. తక్కినవారు ఇప్పుడు బాహాటంగానే అంటున్నారు. ఈ మధ్య ఒక నైట్ షిఫ్టులో అతను రియాక్టర్ (మందు తయారీకి రసాయన చర్య జరిపే పాత్ర) ఉష్ణోగ్రతను గంటగంటకూ చూసి పట్టికలో రాయకుండా, నాలుగు గంటల అంకెలనూ తెల్లవారుజామున ఒకేసారి నింపేశాడు. తెలిసి కూడా నేను సంతకం పెట్టాను. సహోదరుని తప్పు బయటపెట్టడం ప్రేమ అవుతుందా? నేను కూడిక బాధ్యత నుండి తప్పుకోవాలా?
– ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: సోదరా, మీరు దాచకుండా రాశారు గనుక నేనూ సూటిగానే రాస్తున్నాను. ముందుగా తేల్చుకోవలసింది ఆ పట్టిక సంగతి; తక్కినవి ఒక వారం ఆగగలవు, అది ఆగదు.

రియాక్టర్‌లో జరిగే చర్య వేడిని పుట్టించేదైతే, చల్లబరిచే ఏర్పాటులో లోపం వచ్చినప్పుడు దాని జాడ ఆ ఉష్ణోగ్రత అంకెల్లోనే కనిపిస్తుందని నాకంటే మీకే బాగా తెలుసు. నిజంగా చూసి రాసిన అంకెలు పెరుగుతూ పోతే తర్వాతి షిఫ్టువారు అనుమానిస్తారు. ఊహించి రాసిన అంకెలు మాత్రం ఎప్పుడూ సవ్యంగానే ఉంటాయి, వాటితో ఉన్న ప్రమాదమే అది. 2020 మే 7న తెల్లవారకముందే, ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం ట్యాంకులో నిల్వ ఉన్న స్టైరీన్ అనే రసాయనం వేడెక్కి, ఆవిరై వెంకటాపురం మీద పడి 12 మంది ప్రాణాలు తీసిన సంగతిని విశాఖవాసులైన మీకు నేను గుర్తుచేయనక్కరలేదు.

సహోదరుడు తప్పు చేస్తే ఒంటరిగా ఉన్నప్పుడు అతన్ని గద్దించమని మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ఉంది కదా, ఇక పైవారికి చెప్పడమెందుకని మనలో చాలామంది అనుకుంటారు. అది మన యెడల జరిగిన తప్పును గురించి చెప్పిన మాట. ఈ తప్పు ఆ బ్లాకులో పనిచేసే ప్రతి మనిషి యెడలా జరిగింది. అందుచేత ఒంటరిగా మాట్లాడటంతో మొదలుపెట్టండి, అక్కడితో ఆపకండి. క్యాంటీన్‌లో నలుగురి ముందు కాకుండా పక్కకు పిలిచి, "తమ్ముడూ, నీవు చూడకుండా రాయడం తప్పు, తెలిసీ నేను సంతకం పెట్టడం అంతకంటే పెద్ద తప్పు, ఈ రోజే ఇద్దరం మేనేజరు గారి దగ్గరకు వెళదాం" అని చెప్పండి. అక్కడ మీ సంతకం సంగతి ముందు చెప్పి, అతని సంగతి తర్వాత చెప్పండి. ఆ వరుస మారితే మిమ్మల్ని మీరు కాపాడుకోవడానికి అతన్ని అప్పగించినట్టే అవుతుంది. మెమో రావచ్చు, ఇంక్రిమెంటు ఆగవచ్చు, అంతకంటే ఎక్కువే జరగవచ్చు. ఇది తేలికైన పని అని నేను చెప్పను.

ఇక ఆదివారాలు. తీర్పు తీర్చేటప్పుడు బీదవాడని పక్షపాతం చూపవద్దనీ, గొప్పవాడని అభిమానం చూపవద్దనీ లేవీయకాండము 19వ అధ్యాయం చెబుతోంది. డ్యూటీ చార్ట్ వేసే ప్రతిసారీ మీరు చేస్తున్నది తీర్పే. మీరు ఆ యువకుడికి ఇచ్చిన ఆదివారం మీది కాదు. పిల్లలతో గడపాలనుకున్నవాడిదో, ఊరెళ్లి తల్లిని చూసి రావాలనుకున్నవాడిదో అయి ఉంటుంది. బైబిలులోని నెహెమ్యా యూదా దేశానికి అధికారిగా ఉన్న 12 సంవత్సరాలూ తనకు రావలసిన భత్యాన్ని కూడా ముట్టలేదు. అంతకు ముందున్న అధికారులు ఆహారం, ద్రాక్షారసం చాలక 40 తులాల వెండి కూడా జనం దగ్గర పుచ్చుకునేవారు. వారి పనివారు సైతం జనం మీద పెత్తనం చేసేవారు. నెహెమ్యా మాత్రం తన బల్ల దగ్గర నూటయాభై మందికి భోజనం పెడుతూ కూడా ఆ భారాన్ని జనం మీద వేయలేదు. ఆయన గ్రంథం అనగానే మన ప్రసంగాల్లో యెరూషలేము గోడ కట్టడమే వినిపిస్తుంది గాని, ఉద్యోగంలో అధికారం ఉన్న విశ్వాసి పదేపదే చదవవలసింది ఆ 5వ అధ్యాయమని నా నమ్మకం.

కాబట్టి వచ్చే నెల నుండి ఆదివారాలను పేర్ల వరుసన పంచి, ఆ చార్ట్‌ను అందరికీ కనిపించేలా నోటీసు బోర్డులో పెట్టండి. ఆ యువకుడికి ఆదివారం డ్యూటీ పడిన వారాల్లో, మీ విశ్రాంతి సమయంలో అతని ఇంటికి వెళ్లి కలిసి వాక్యం చదివి ప్రార్థించండి. ఆ సమయం మీది. దాన్ని ఇవ్వడానికి మీకు పూర్తి హక్కు ఉంది.

కూడిక బాధ్యత నుండి మీ అంతట మీరు తప్పుకోకండి. జరిగినదంతా పాస్టరు గారికి చెప్పి, కొంతకాలం ఆగమంటే ఆగండి, కొనసాగమంటే కొనసాగండి. సంఘ పెద్ద గారికి మాత్రం ఈ సంగతి కుమారుని నోటనో కంపెనీలో మరొకరి నోటనో తెలియకముందే, మీరే ఇంటికి వెళ్లి చెప్పాలి. ఆయన తండ్రి గనుక మొదట నొచ్చుకుంటారు, కోపంలో ఒక మాట కూడా అనవచ్చు. ఆ రోజు వాదించకుండా విని రండి.